వాచిన చేతి మీద కొత్త మచ్చ కనిపిస్తే ముక్క పరీక్ష ఆపకండి

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల ముఖ్య వైద్యాధికారులకు, బరంపురంలో పనిచేస్తున్న సర్జన్లకు, చర్మవ్యాధి నిపుణులకు, రేడియాలజిస్టులకు, పేథాలజిస్టులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను బరంపురంలో పుట్టి, ఈ చుట్టుపక్కలే నర్సుగా పనిచేసి రిటైరైన తెలుగు మనిషిని. ఇప్పుడు బోదకాలు ఉన్నవాళ్లకు, రొమ్ము ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచినవాళ్లకు ఆ కాలూ చెయ్యీ ఎలా కడుక్కోవాలో, ఎలా తుడుచుకోవాలో, కట్టు ఎలా కట్టుకోవాలో నేర్పుతుంటాను. మా వీధి వాళ్లే కాదు, ఇచ్ఛాపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి కూడా వస్తారు.

మిమ్మల్ని ఒక్కటే అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏళ్ల తరబడి వాచి ఉన్న చేతి మీద గానీ కాలి మీద గానీ కొత్తగా కమిలినట్టు మచ్చ వచ్చినా, బుడిపె లేచినా, పుండు పడి మానకపోయినా, రెండు వారాల్లోగా అక్కడ ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపండి. స్కాన్‌లో ఏమీ లేదని వచ్చినా పంపండి.

ఎందుకు అడుగుతున్నానో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1948లో న్యూయార్క్‌లో ఫ్రెడ్ స్టివార్ట్, నార్మన్ ట్రీవ్స్ అనే ఇద్దరు డాక్టర్లు ఆరుగురు స్త్రీల గురించి రాశారు. ఆరుగురికీ రొమ్ము కేన్సర్‌కి ఆపరేషన్ జరిగింది. ఆరుగురికీ ఆ వైపు చెయ్యి వాచి, ఆ వాపు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ వాచిన చేతిలోనే ఇంకో కేన్సర్ పుట్టింది. అది పాత జబ్బు తిరగబెట్టడం కాదు, నాళాల లోపలి పొర కణాల నుంచి వచ్చే యాంజియోసార్కోమా. అంతకు చాలా ముందే, 1906లో, లోవెన్‌స్టైన్ అనే డాక్టరు దెబ్బ తగిలి ఏళ్ల తరబడి వాచిన చేతిలో ఇలాంటిదే చూశాడు. ఇప్పుడు వైద్య పుస్తకాల్లో దీన్ని స్టివార్ట్-ట్రీవ్స్ సిండ్రోమ్ అంటున్నారు.

ఇది అరుదైన జబ్బు. ఈ మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం చదివి వాపు ఉన్న ప్రతి ఇంట్లోనూ టెన్షన్ మొదలవుతుంది. పాత పద్ధతిలో రొమ్ము మొత్తం, ఛాతీ కండరంతో సహా తీసేసిన రోజుల్లో కూడా, ఐదేళ్లు దాటి బతికినవాళ్లలో నూటికి అర వంతు మందికైనా ఇది రాలేదు. వచ్చినవాళ్లకు కూడా ఎక్కువగా ఆపరేషన్ అయిన పదేళ్ల ప్రాంతంలో బయటపడింది. ఫైలేరియా వల్ల వచ్చిన బోదకాలులో ఇది ఇంకా అరుదు. అయినా అలాంటి కేసులు మన దేశంలో కూడా వైద్య పత్రికలకు ఎక్కాయి. పుట్టుకతో వచ్చే వాపులోనూ వచ్చింది. ఏళ్ల నాటి వాపు మీద మామూలు చర్మ కేన్సర్, అంటే స్క్వామస్ సెల్ కార్సినోమా, రావడం కూడా ఉంది. లింఫు, అంటే కణాల మధ్య నుంచి సన్నని నాళాల్లోకి చేరే నీరు, కదలక నిలిచిపోయిన చోట ప్రోటీన్ నిండిన నీరు పేరుకుంటుంది, కణజాలం గట్టిపడుతుంది, ఒంట్లోని రక్షణ కణాలు అక్కడ సరిగ్గా తిరగలేవు. చెడ్డ కణం పుడితే దాన్ని పట్టుకునే కాపలా అక్కడ తగ్గిపోతుంది.

అరుదైన జబ్బు కాబట్టి ఏ డాక్టరుకీ అది మొదట గుర్తుకు రాదు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ గుర్తుకు వచ్చేలోపల జబ్బు ఎంత దూరం పోతుందో నేను మా ఇంట్లోనే చూశాను.

మా పెద్దక్కకి రొమ్ము కేన్సర్ ఆపరేషన్‌తో పాటు చంకలో బిళ్ళలు కూడా తీసేశారు, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఆ కేన్సర్ నయమైంది. చెయ్యి మాత్రం వాచిపోయింది. వాపుతోనే వంట చేసింది, మనవల్ని పెంచింది. ఏళ్లు గడిచాక మోచేతి పైన, లోపలి వైపున, కమిలినట్టు ఒక మచ్చ కనిపించింది. మొదట చూపించిన చోట ఏదో తగిలి కమిలి ఉంటుందన్నారు. మచ్చ పెద్దదైతే సెల్యులైటిస్, అంటే చర్మం కింద ఇన్ఫెక్షన్, అని యాంటీబయాటిక్స్ ఇచ్చారు, తగ్గకపోతే మందు మార్చారు. డాప్లర్, అంటే రక్తం పారే తీరు చూసే అల్ట్రాసౌండ్, తీయిస్తే రక్తం గడ్డకట్టలేదని, చర్మం కింద నీరు ఉందని వచ్చింది. ఎమ్మారై తీయించారు, అందులోనూ లింఫెడీమా (లింఫు నిలిచిన వాపు), ఇన్ఫెక్షన్ లాంటి మార్పులు అని రాశారు. స్కాన్‌కి పంపిన చీటీ నేను చూశాను. దాని మీద ‘చెయ్యి వాపు’ అనే అర్థం వచ్చే రెండు ఇంగ్లిష్ మాటలున్నాయి, అంతే. రొమ్ము ఆపరేషన్ సంగతి లేదు, రేడియేషన్ సంగతి లేదు, మచ్చ సంగతి అసలే లేదు. స్కాన్‌లో తేడాలు తేటగా కనిపించేలా చేసే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ కూడా ఇవ్వలేదు. చివరికి బుడిపెలు లేచి, వాటి నుంచి రక్తం కారడం మొదలయ్యాక విశాఖపట్నం తీసుకెళ్లాం. అక్కడ మూడు చోట్ల ముక్కలు తీశారు. జబ్బు పేరు అప్పుడు తెలిసింది. అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది. అక్క బతకలేదు.

ఏ ఆస్పత్రి, ఏ డాక్టరు అన్నది ఇక్కడ రాయను. అక్కని చూసినవాళ్లందరూ ఆమెకి మంచే చేయాలనుకున్నారు. పరీక్షలు కూడా చేయించారు. కానీ ఆ పరీక్షలేవీ చెప్పలేని జవాబు కోసం వాటి మీదే ఆధారపడ్డారు. అందుకే ఏ స్కాన్ ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్నది ఇక్కడ కాస్త విడమర్చి రాస్తాను. రేడియాలజిస్టులకు ఇది తెలిసిన సంగతే. వాళ్ల దగ్గరికి పంపే డాక్టర్లకూ, పెద్ద స్కాన్ తీశారు కదా అని నిశ్చింతగా ఇంటికి వెళ్లే మనుషులకూ ఇది తెలియాలి.

డాప్లర్ మంచి మొదటి పరీక్షే. సిరలో గడ్డ ఉందా, చీము గూడు కట్టిందా అన్నది దానితో తేలుతుంది. లోపల గడ్డ ఉండి, దానిలోకి రక్తం ఎక్కువగా పోతుంటే అదీ కనిపించవచ్చు. కానీ యాంజియోసార్కోమా మొదట్లో చర్మంలోనే చదునుగా పరుచుకుంటుంది, అది అల్ట్రాసౌండ్‌కి దొరకకపోవచ్చు. డాప్లర్ బాగుందంటే రక్తం గడ్డకట్టలేదని మాత్రమే అర్థం. మచ్చ ఏమిటో అది చెప్పలేదు.

ఎమ్మారైలో నీరు తెల్లగా మెరుస్తుంది. ఏళ్ల తరబడి వాచిన చేతిలో చర్మం మందమై, దాని కింద కొవ్వంతా నీరు పట్టి తేనెపట్టు గళ్లలా కనిపిస్తుంది. ఎక్కువమందిలో కండరం మాత్రం మామూలుగా ఉంటుంది. అంత తెల్లదనం మధ్యలో చిన్న గడ్డ ఉంటే అదీ తెల్లగానే ఉండి కలిసిపోతుంది. అందుకే కాంట్రాస్ట్ ఇవ్వాలి. కిడ్నీ పరీక్ష చూసుకుని గడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీస్తే, కణితి ఉన్నచోట మందు పట్టి అది విడిగా తేలుతుంది. ఎంత లోతుకి పోయింది, కండరం పొర దాటిందా, ఎముక దాకా వచ్చిందా అన్నది సర్జన్‌కి తెలుస్తుంది. ముక్క ఎక్కడ తీయాలో కూడా తెలుస్తుంది. ఎమ్మారై విలువ అక్కడే ఉంది. అయితే ఇన్ఫెక్షన్ ఉన్నచోట కూడా కాంట్రాస్ట్ పడుతుంది కాబట్టి, అది చూసి ఇది కేన్సర్ అనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం.

పెట్ సీటీదీ అదే పరిస్థితి. జబ్బు ఒంట్లో ఎక్కడికి పాకిందో చూడడానికి అది పనికొస్తుంది, కానీ సెల్యులైటిస్ కూడా పెట్‌లో వెలుగుతుంది. లింఫు నాళాల పటం తీసే లింఫోసింటిగ్రఫీ వాపు ఎందుకు వచ్చిందో చెబుతుంది, కేన్సర్ ఉందో లేదో చెప్పడం దాని పని కాదు. యాంజియోసార్కోమా అని తేలాక ఛాతీ సీటీ తప్పనిసరిగా తీయాలి, ఎందుకంటే ఈ జబ్బు ఎక్కువగా పోయేది ఊపిరితిత్తులకే. మన వైపు ఊపిరితిత్తిలో మచ్చ కనిపిస్తే ముందుగా టీబీ అనుకుంటాం, అలా అనుకోవడం సబబే. కానీ మనిషి చెయ్యో కాలో ఏళ్లుగా వాచి, దాని మీద రంగు మారిన మచ్చ ఉంటే, టీబీ మందులు మొదలుపెట్టేముందు ఆ మచ్చ సంగతి తేల్చండి.

కాబట్టి రేడియాలజిస్టులను నేను కోరేది ఇది. చీటీలో ‘వాపు’ అని మాత్రమే ఉంటే మనిషిని పిలిచి బట్ట తొలగించి ఒక్కసారి చర్మం చూడండి. ఎన్నేళ్ల వాపు అని అడగండి. మచ్చ ఎప్పుడు వచ్చిందో విడిగా అడగండి. ఇవి రెండు వేరు వేరు ప్రశ్నలు. మా వాళ్లని ‘ఎప్పట్నుంచి?’ అని ఒక్క ప్రశ్న అడిగితే ‘చాలా ఏళ్ల నుంచి బాబూ’ అంటారు, అది వాపు గురించి. పోయిన వారమే వచ్చిన మచ్చ ఆ జవాబులో మునిగిపోతుంది. ఒడియా మాట్లాడే కుర్ర డాక్టరు, తెలుగు తప్ప రాని ముసలావిడ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఇలా మరీ ఎక్కువగా జరుగుతుంది. రిపోర్టు చివర ‘చర్మం మీద కొత్త మచ్చ ఉంది, బయాప్సీ అవసరం’ అని ఒక్క వాక్యం రాస్తే, ఆ కాగితం ఏ ఊళ్లో ఏ డాక్టరు చేతిలో పడినా పనిచేస్తుంది.

ఇక ముక్క పరీక్ష. వాచిన చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది వేయకూడదు అని మేమే ఏళ్లుగా చెప్పాం. అందుకే ఆ చేతి మీద కత్తి పెట్టాలంటే డాక్టర్లు కూడా వెనకాడతారు. గాయం మానదేమో, ఇన్ఫెక్షన్ వస్తుందేమో అని. ఆ భయం న్యాయమైనదే. నర్సుగా నా అనుభవం చెబుతున్నాను: చర్మం శుభ్రంగా ఉంచి, యాంటీబయాటిక్ ఇచ్చి, చిన్న పంచ్‌తో, అంటే చర్మాన్ని గుండ్రంగా కోసే పరికరంతో, ముక్క తీసి, కట్టు జాగ్రత్తగా చూసుకుంటే ఎక్కువ గాయాలు మానుతాయి. కుటుంబాల భయం వేరు. ‘కత్తి తగిలితే కేన్సర్ పాకుతుంది’ అని ఇంటింటా నమ్ముతారు. దానికి జవాబు డాక్టరు నోటి నుంచే రావాలి. కాస్త కూర్చుని, వాళ్ల భాషలో, ముక్క తీయకపోతే ఏ మందు ఇవ్వాలో కూడా తెలియదని చెబితే వింటారు. నేను చెబితేనే విన్నారు, మీరు చెబితే ఎందుకు వినరు?

సూదితో లాగి చూసే ఎఫ్ఎన్ఏసీ ఇక్కడ సరిపోదు. ఇది నాళాల కణితి కాబట్టి సూదిలోకి చాలాసార్లు రక్తమే వస్తుంది, రిపోర్టులో కూడా రక్తం మాత్రమే ఉందని రాస్తారు. ముక్కే కావాలి. ఒక్క చోట తీస్తే చాలదు. మచ్చ అంచుల్లో ఈ కేన్సర్ దాదాపు మామూలు రక్తనాళాల్లా కనిపించవచ్చు, అక్కడ తీసిన ముక్కకి ‘ప్రమాదం లేదు’ అని వస్తే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అందుకే రెండు మూడు చోట్ల, కాస్త లోతుగా, బుడిపె ఉంటే బుడిపె నుంచి తీయాలి. మొదటి రిపోర్టు బాగున్నా మచ్చ పెరుగుతూ ఉంటే మళ్లీ తీయాలి. తీసిన ముక్కని అది చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలోనే పంపాలి. చిన్న ఆస్పత్రుల నుంచి సెలైన్‌లో వేసి పంపినవి దారిలోనే పాడైపోతాయి.

పేథాలజిస్టులకు ఒక విన్నపం. సీడీ31, ఈఆర్‌జీ లాంటి ప్రత్యేక రంగుల పరీక్షలు ఈ జబ్బుని రూఢి చేస్తాయి. వాపు వల్ల గానీ రేడియేషన్ వల్ల గానీ వచ్చిన యాంజియోసార్కోమాలో మిక్ అనే జన్యువు ప్రతులు పెరిగి ఉండడం కూడా ఒక గుర్తు. అవి మీ ల్యాబ్‌లో కుదరకపోతే ముక్కని పొదిగి ఉంచిన మైనపు బ్లాక్‌ని రోగి చేతికిచ్చి ఎక్కడికి తీసుకెళ్లాలో రాసివ్వండి. కటక్‌లో ఆచార్య హరిహర కేన్సర్ సంస్థ ఉంది, విశాఖలో హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. బ్లాక్ అడిగి తీసుకోవచ్చని మా వాళ్లకి తెలియదు. కాగితం రిపోర్టు మాత్రం పట్టుకుని వెళ్తారు, అక్కడ మళ్లీ మొదటి నుంచీ ముక్క తీస్తారు, మళ్లీ వారాలు పోతాయి.

మన చర్మం రంగు గురించి కూడా చెప్పాలి. పుస్తకాల్లో ఈ జబ్బు ఫొటోలు చాలావరకు తెల్లవాళ్లవి. ఊదా రంగు, ఎర్ర రంగు అని రాసినవి తెల్ల చర్మం మీద అలా కనిపిస్తాయి. మన చామనఛాయ మీద, అందులోనూ ఏళ్ల వాపుతో నల్లబడి బిరుసెక్కిన చర్మం మీద, అది నల్లటి కమిలిన మరకలాగో, చుట్టుపక్కల కన్నా కాస్త ముదురుగానో మాత్రమే ఉండొచ్చు. పెద్ద బోదకాలులో ముడతలు, బుడిపెలు ఎలాగూ ఉంటాయి. వాటిలో కొత్తది ఏదన్నదే అసలు ప్రశ్న. కొత్తగా వచ్చిందా, రంగు మారిందా, ఊరికే రక్తం కారుతోందా అని అడగాలి. సెల్యులైటిస్ అయితే జ్వరం, నొప్పి, వేడి ఉంటాయి, యాంటీబయాటిక్‌తో తగ్గుముఖం పడుతుంది. బోద జ్వరం వచ్చి పోవడం మా వాళ్లకి బాగా తెలుసు, గజ్జల్లో బిళ్ళ కట్టిందంటే వాళ్లే చెబుతారు. ఒక కోర్సు మందు అయిపోయాక కూడా మచ్చ అలాగే ఉంటే, రెండో కోర్సు రాసే చేత్తోనే ముక్క పరీక్షకీ రాయండి.

జిల్లా వైద్యాధికారులకు. ఫైలేరియాని 2027 నాటికి నిర్మూలించాలని దేశం పెట్టుకున్న లక్ష్యం కోసం మీ సిబ్బంది ఎంత తిరుగుతున్నారో చూస్తున్నాను. ఫైలేరియా పురుగుల మీద పనిచేసే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఆశా కార్యకర్తలు ఎదురుగా నిలబడి మింగిస్తున్నారు. అది కొత్తవాళ్లకి జబ్బు రాకుండా ఆపుతుంది. ఇప్పటికే ఏనుగు కాళ్లతో బతుకుతున్నవాళ్ల వాపు దానితో పోదు. దోమలు పోయినా, లెక్కల్లో ఫైలేరియా పోయినా, వాళ్లు ఇంకా దశాబ్దాలు మన మధ్యే ఉంటారు, వాపు వయసు పెరుగుతూనే ఉంటుంది. వాళ్ల పేర్లు మీ రిజిస్టర్లలో ఉన్నాయి. టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, ఆయింట్‌మెంట్ ఉన్న కిట్లు ఇచ్చేటప్పుడు మీవాళ్లు ఆ కాళ్లని దగ్గర్నుంచి చూస్తారు. అంత దగ్గర్నుంచి చూసేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ రిజిస్టర్‌లో ‘కొత్త మచ్చ, బుడిపె, మానని పుండు ఉందా’ అని ఒక్క గడి పెట్టించండి. ఉంది అంటే ఎక్కడికి పంపాలో పక్కనే రాయించండి. 30 ఏళ్లు దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్ల పరీక్ష ఎలాగూ జరుగుతోంది. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్లని అక్కడే చెయ్యి కూడా చూపించమనండి.

డబ్బు సంగతి చిన్నది కాదు. ఆయుష్మాన్ కార్డులో ఆస్పత్రిలో చేరడానికి ముందు 3 రోజుల పరీక్షల ఖర్చు మాత్రమే ప్యాకేజీలోకి వస్తుంది. ఇలాంటి జబ్బు తేలడానికి వారాలు పడుతుంది. గుణుపురం నుంచి కూలి మానుకుని ఒకసారి స్కాన్‌కి, ఒకసారి ముక్కకి, ఒకసారి రిపోర్టుకి రావాలంటే మధ్యలోనే ఆగిపోతారు. బరంపురం మెడికల్ కాలేజీలో వారానికి ఒక రోజు సర్జన్, చర్మ డాక్టరు, రేడియాలజిస్టు ముగ్గురూ వాపు రోగులను కలిసి చూసే ఏర్పాటు చేస్తే ఆ రోజే చూడడం, ఆ రోజే స్కాన్, ఆ రోజే ముక్క తీయడం అయిపోతుంది. కొత్త మిషన్లు అక్కర్లేదు, కొత్త పోస్టులు అక్కర్లేదు.

తొందర ఎందుకంటే, ఈ జబ్బుకి మంచి అవకాశం చిన్నగా ఉన్నప్పుడే ఉంటుంది. అప్పుడు చుట్టూ మంచి చర్మంతో సహా విశాలంగా కోసి తీయగలరు, కొన్నిసార్లు చెయ్యో కాలో తీసేయాల్సి వచ్చినా మనిషి దక్కే దారి ఉంటుంది. పాకిన తర్వాత పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందులతో కొంతకాలం అదుపు చేయగలరు, అంతకు మించి ఎక్కువ చేయలేరు.

రొమ్ము ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లేవాళ్లకి డిశ్చార్జి కాగితంతో పాటు చిన్న కార్డు ఇవ్వమని కోరుతున్నాను. ఆపరేషన్ ఏ సంవత్సరం, రేడియేషన్ ఎప్పుడు, ఏ వైపు అన్నది ఒక వైపు. వాపు మీద కొత్త మచ్చ వస్తే ఎవరికి చూపించాలన్నది రెండో వైపు. ఆపరేషన్ విశాఖలో, చెకప్ బరంపురంలో, జ్వరం వస్తే పాతపట్నంలో, ఇదీ మా సరిహద్దు బతుకు. పాత కాగితాలు ఎప్పుడూ ఇంకో ఊళ్లోనే ఉంటాయి. కార్డు మీద తెలుగు మాటలు నేను రాసిస్తాను. ఒడియాలోకి మార్చేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. మీరు ఒప్పుకుని, ఎవరికి చూపించాలన్న చోట ఒక గది నంబరు, ఒక రోజు పేరు ఇస్తే చాలు, అచ్చు వేయించే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
బరంపురం నుంచి ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు